ప్యాడిల్ స్టీమర్ బొమ్మ: రెక్క ఎంత మునగాలి?

ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని నాది. ప్యాడిల్ స్టీమర్, అంటే రెండు పక్కలా రెక్కల చక్రాలు తిప్పుకుంటూ నడిచే ఓడ, దాని బొమ్మ చేస్తామని వచ్చే కుర్రాళ్ళు ముందు మోటారు సంగతే అడుగుతారు. మోటారు తర్వాత చూద్దాం. చక్రం రెక్క నీళ్ళలో ఎంత మునగాలో ముందు తేల్చుకోండి. ఈ పడవ నడకంతా ఆ రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 11, పక్క గోడ ఎత్తు 8 పెట్టుకోండి. ముక్కు భాగం కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్రతో చెక్కితే పని సులువు, బరువూ ఉండదు. కాకపోతే అది నీళ్ళు తాగేస్తుంది, ఎండబెట్టి అరల్డైట్ రెండు పూతలు వేయాల్సిందే. మిగతాదానికి ఫ్లెక్సీలు, బోర్డులు చేసే షాపుల్లో మిగిలిపోయే 3 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురగ అట్ట) ముక్కలు చాలు. ఫెవిక్విక్‌తో అతికించి, అతుకుల వెంట లోపలి నుంచి ఎం-సీల్ దట్టించండి. ఈ ఒళ్ళు మూడున్నర సెంటీమీటర్లు మునగాలంటే మొత్తం బరువు దాదాపు ఒకటిన్నర కిలో ఉండాలి. అంత లోతున ఒక గీత గీసుకోండి.

చక్రం వ్యాసం 9 సెంటీమీటర్లు, ఎనిమిది రెక్కలు. ఒక్కో రెక్క 3 సెంటీమీటర్ల పొడవు, 12 మి.మీ. ఎత్తు. ఐస్‌క్రీం పుల్లలు వద్దు, నానితే ఉబ్బిపోతాయి. అన్నిటికన్నా కిందున్న రెక్క పై అంచు నీటిమట్టానికి 3 మి.మీ. లోపల ఉండాలి. లెక్క కడితే ఇరుసు గీతకు సరిగ్గా 3 సెంటీమీటర్ల పైన వస్తుంది. ఇందులో ఇంకో సుఖం ఉంది: ఇరుసు రంధ్రం నీటికి పైనే ఉంటుంది కాబట్టి కారుతుందన్న బెంగ లేదు. అసలు ఓడల్లో రెక్క నీళ్ళను చరచకుండా, నిలువుగా దిగి నిలువుగా లేచేలా తిప్పే కీలు ఏర్పాటుంటుంది. ఎలిజా గాలవే 1829లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంత చిన్న చక్రానికి ఆ శ్రమ దండగ.

ఇరుసు 3 మి.మీ. స్టీలు కడ్డీ, అది తిరగడానికి ఇత్తడి బుష్షు (చిన్న గొట్టం). ఆ బుష్షును గోడకు శాశ్వతంగా అతికించేయకండి. నిలువు గాడి ఉన్న చిన్న రేకు ముక్కకు బిగించి, రెండు బోల్టులతో పైకీ కిందికీ 5 మి.మీ. జరిగేలా పెట్టండి. మోటారు కూడా ఆ రేకు మీదే ఉండాలి. లేకపోతే ఇరుసు జరిపినప్పుడల్లా మోటారుకూ ఇరుసుకూ మధ్య జాయింటు వంకరపోతుంది.

ఇక మోటార్లు. ఎడమకొకటి, కుడికొకటి, ఎన్20 అనే చిన్న గేరు మోటార్లు, 6 ఓల్టులు, 100 ఆర్‌పీఎం (నిమిషానికి వంద చుట్లు). నాలుగు రీఛార్జి పెన్సిల్ సెల్లు వేస్తే 4.8 ఓల్టులే వస్తాయి, అదే మేలు. 300 ఆర్‌పీఎంది కొంటే నురగ తప్ప పడవ సాగదు. వెనక చుక్కాని అందానికే. ప్రొపెల్లర్ పడవలో అయితే తోసిన నీళ్ళు నేరుగా చుక్కానికి తగులుతాయి. ఇక్కడ ఆ ఊపు లేదు కాబట్టి నెమ్మదిగా పోయేటప్పుడు తిరగదు. రెండు చక్రాలకూ వేర్వేరు స్పీడ్ కంట్రోలర్లు పెడితే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది.

ఇప్పుడు అసలు పని. సిమెంటు తొట్టిలో వదిలి, గాలానికి కట్టే సీసం గుళ్ళు అడుగున సర్దుతూ గీత దాకా ముంచండి. బ్యాటరీ కూడా అడుగునే. ఒక పక్కకు వాలిందా, ఆ పక్క చక్రం లోతుగా, రెండోది పైపైన తిరుగుతుంది, పడవ వంకరగా పోతుంది. తప్పు వాలుదా, మోటారుదా అని తెలియాలంటే డెక్కు అంచున పది రూపాయల బిళ్ళ పెట్టి చూడండి, అటూ ఇటూ మార్చండి. వంకర మారితే వాలుదే. మారకపోతే మోటార్లలో తేడా, రిమోట్‌లో ట్రిమ్‌తో, అంటే కొద్దికొద్దిగా సర్దే మీటతో సరిచేయండి.

కదలకుండా ఉన్నప్పుడు కుదిరిన లోతు పరుగులో నిలవదు. పడవ పక్కన లేచే అల వల్ల చక్రం దగ్గర నీళ్ళు పల్లమైతే రెక్క తేలిపోతుంది, మిట్టయితే మునిగిపోతుంది. అందుకే పడవ నడుస్తుండగా పక్కనుంచి ఫోనులో స్లో మోషన్ తీయండి. చక్రం వెనక నుంచి నీళ్ళు పైకి ఎత్తిపోస్తుంటే, మోటారు మూలుగుతుంటే, లోతెక్కువ: ఇరుసు ఒక మి.మీ. లేపండి. చక్రం గిర్రున తిరుగుతూ నురగే వస్తుంటే దించండి. ఒక్కసారి ఒక్క మి.మీ. మాత్రమే, రెండు పక్కలా సమానంగా. చక్రాల మీద కప్పే డొప్పల పని దీని తర్వాతే, అవి ముందే వేస్తే లోపల ఏం జరుగుతోందో కనపడదు.

కాలువలో వేద్దామని సరదా పడతారు. రైవస్ కాలువలోనో బందరు కాలువలోనో నీళ్ళు వదిలాక ఈ పడవ ఎదురీదలేదు. గుర్రపుడెక్క వేరు ఒక్కటి ఇరుసుకు చుట్టుకున్నా మోటారు ఆగిపోతుంది, అలాగే వదిలేస్తే కాలిపోతుంది. నిలవ నీళ్ళున్న చెరువు చూసుకోండి, అక్కడా వెనక కొక్కేనికి గాలం దారం కట్టే వదలండి.