గురి తప్పేది చెయ్యా, పెల్లెటా, గాలా? ఎయిర్ రైఫిల్‌ని తేల్చుకునే పద్ధతి

పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో గుండు (పెల్లెట్) పక్కకు పోతే ముందు చేతిని తిట్టుకుంటాం. కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, కాబట్టి ఆ అనుమానం సహజం. కానీ మనిషిని తప్పించి రైఫిల్‌ని విడిగా పరీక్షించకుండా తప్పెవరిదో తెలియదు.

రైఫిల్ ముందు కట్టెను రబ్బరు ముక్కల మధ్య బెంచీ వైస్‌లో బిగించండి. బ్యారెల్‌ని, గాలి నింపే సిలిండర్‌ని మాత్రం వైస్ పట్టుకోకూడదు. వైస్ లేకపోతే ముందొకటి, వెనకొకటి ఇసుక సంచి సరిపోతుంది. కార్డు వెనక గట్టి ఇనుప రేకు, దాని ముందు పాత గుడ్డలు కుక్కిన పెట్టె ఉండాలి, ఒట్టి గోడ చాలదు. మిద్దె మీద రేకుల షెడ్డులో రేంజి పెట్టుకున్నవాళ్లు ఫ్యాన్ ఆపేయండి, కార్డు ఊగితే కొలతంతా దండగ.

ఇక పెల్లెట్లు. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల వ్యాసం మి.మీ.లలో ఉంటుంది. ఏది మంచిదని అడిగితే జవాబు లేదు, మీ బ్యారెల్ దేన్ని ఒప్పుకుంటే అదే మంచిది. ఒక్కో రకంతో పది షాట్ల గ్రూపులు (ఒకే గురికి కొట్టిన రంధ్రాల గుంపులు) మూడు కొట్టండి. ఐదు షాట్ల గ్రూపు అదృష్టం కొద్దీ బాగా వచ్చి మోసం చేస్తుంది. కాలిపర్‌తో రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. తీసేయండి. మిగిలింది 2 మి.మీ. దగ్గర ఉంటే రైఫిల్ పని బాగున్నట్టే. 4, 5 దాటితే పెల్లెట్ మార్చండి. నచ్చిన రకం దొరికాక డబ్బా మీది లాట్ (ఒకే విడత తయారీ) నంబరు రాసిపెట్టుకుని, అదే లాట్‌లో ఎక్కువ కొనండి. లాట్ మారితే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది.

కార్డుపై రంధ్రాన్ని దగ్గరగా చూడండి. చదును తల పెల్లెట్ పంచింగ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది. అంచు చిరిగినా, కోడిగుడ్డులా సాగినా పెల్లెట్ వంకరగా వెళ్లినట్టు. అనుమానమొస్తే పెల్లెట్‌ని అద్దం మీద దొర్లించండి: స్కర్టు (వెనక విచ్చుకున్న అంచు) సొట్టపడినది తడబడుతూ పోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో డబ్బా మూత తీసి ఉంచితే సీసం మీద తెల్ల పొడి పట్టేస్తుంది. ఆ డబ్బాని పోటీకి తీసుకెళ్లకండి.

గాలి దగ్గర మన ఎండ ఆడే ఆట చాలామంది లెక్కలోకి తీసుకోరు. 25 డిగ్రీల్లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) నింపిన సిలిండర్, కారులో 45 డిగ్రీలకు చేరితే దాదాపు 213 బార్ చూపిస్తుంది. అందుకే 200 బార్ సిలిండర్‌ని 180 దగ్గర ఆపండి, ఎండలో వదలకండి. చేతి పంపుతో నింపేవాళ్లు కాస్త కాస్త నింపి ఆగి, పంపులోని నీటిని వదలాలి, లేకపోతే తేమ లోపలికి చేరి వాల్వ్ తుప్పుపడుతుంది. సిలిండర్ దగ్గర లీకేజీ ఉంటే ముందు గాలంతా తీసి ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) మార్చి, సిలికాన్ గ్రీజు చాలా పల్చగా రాయండి. పెట్రోలియం గ్రీజు వద్దు, ఒత్తిడిలో అంటుకునే ప్రమాదం ఉంది. సిలిండర్ మీది తయారీ తేదీ, గడువు కూడా చూసుకోండి.

రైఫిల్‌ని చాలాసేపు పక్కన పెట్టి తీస్తే మొదటి షాట్ వేగం తేడాగా ఉండొచ్చు, రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడి ఇచ్చే భాగం) ఒత్తిడి మారితే అలా అవుతుంది. రెండు మూడు ఖాళీ షాట్లు కొట్టి మొదలుపెట్టండి. సిలిండర్ లేకుండా స్ప్రింగుతో పిస్టన్‌ని తోసే స్ప్రింగ్ రైఫిల్‌లో మాత్రం ఖాళీగా కొట్టకూడదు, గాలి మెత్తలేక పిస్టన్ నేరుగా గుద్దుకుంటుంది. దానికి మరో జబ్బు స్టాక్ స్క్రూలు వదులవడం. గ్రూపు ఉన్నట్టుండి విచ్చుకుంటే అన్నిటికన్నా ముందు స్క్రూడ్రైవర్ తీయండి.

చివరగా డయాప్టర్, అంటే కన్ను పెట్టి చూసే వెనక సైటు. ఐదు కొట్టి, పది క్లిక్కులు తిప్పి, మళ్లీ ఐదు కొట్టండి. గ్రూపు 3 మి.మీ. జరిగితే మీ క్లిక్కు 0.3 మి.మీ. ఆ అంకెను పెల్లెట్ డబ్బా మూత లోపల రాసుకోండి.