మళ్లీ మాల పడదాం – మూడో పాఠం: తప్పిన రోజుల బాకీ

పోయిన పాఠంలో తెగిపోయిన జపమాలను కొత్త దారంతో గుచ్చుకున్నాం. రోజూ ఒకే చోట, ఒకే వేళకు కూర్చుని 11 పూసలు మాత్రం తిప్పమన్నాను. మూడు నాలుగు రోజులు బాగానే సాగి ఉంటుంది. ఐదో రోజు ఇంటికి చుట్టాలొచ్చి ఉంటారు, లేదా వరికోత మిషన్ దొరికిందని పొద్దున్నే పొలానికి ఉరికి ఉంటారు. ఆరో రోజు మాల వైపు చూడబుద్ధి కాదు. ఈ పాఠమంతా ఆ ఆరో రోజు గురించే.

నేను పంచాక్షరి, అంటే ‘నమః శివాయ’ జపం వదిలేసింది బోర్లు ఎండిపోయి బత్తాయి తోట కొట్టేసిన ఏడు. అంతకు ముందు అమావాస్య వస్తే చాలు, నల్గొండ దగ్గరి చెరువుగట్టు ఊళ్లో గుట్టెక్కి జడల రామలింగేశ్వరుణ్ని మొక్కేవాణ్ని. కొట్టేసిన చెట్ల మొద్దులు ట్రాక్టర్‌లో పోతుంటే చూసి ఇంటికొచ్చి, రుద్రాక్షమాలను తువ్వాలలో చుట్టి బీరువాలో పడేశాను. తొమ్మిదేళ్లు అది అక్కడే ఉంది. దేవుడి మీద కోపం ఏడాదికే చల్లారింది. మిగతా ఎనిమిదేళ్లూ సిగ్గుతోనే ఆగిపోయాను. ఇన్నాళ్లు ఎగ్గొట్టి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆయన ముందు కూర్చోవాలి?

తీరా మొదలుపెట్టాక ఇంకో తప్పు చేశాను. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు మాలలు, మూడు రోజులు తప్పితే నాలుగు మాలలు అని లెక్క పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి 20 మాలల బాకీ తేలింది. కూర్చుంటే టెన్షన్. నోరు ఉరుకుతోంది, వేళ్లు ఉరుకుతున్నాయి, ‘నమః’ సగంలోనే తెగిపోతోంది. మా పెద్దమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది. “ఎందుకు బిడ్డా గంత ఉరుకులాట?” అంది. బాకీ సంగతి చెప్పాను. “నిన్న పస్తున్నవని ఇయ్యాల రెండు దినాల బువ్వ ఒక్కసారే తింటవా? ఇయ్యాలటిది ఇయ్యాల తిను” అని మళ్లీ కాయల మీద పడింది.

ఆ రోజు నుంచి పాత లెక్క తీసేశాను. మీరూ తీసేయండి.

ఇది పెద్దమ్మ ఒక్కతే అన్న మాట కాదు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు అడుగుతాడు: శ్రద్ధ ఉన్నా మనసు నిలవక యోగం నుంచి జారిపోయినవాడి గతేంటి? చెదిరిన మబ్బులా రెంటికీ చెడిపోతాడా? అడిగిన తీరులోనే భయం వినిపిస్తుంది. కృష్ణుడు ‘తాత’ అని పిలుస్తాడు, అంటే మన మాటలో ‘నాయనా’ అని. మంచి పని చేసినవాడెవడూ దుర్గతి పాలు కాడంటాడు. యోగభ్రష్టుడు మళ్లీ పుట్టాక కూడా వెనకటి జన్మలో సంపాదించిన బుద్ధి అతణ్ని చేరుతుందని చెబుతాడు. చావు దాటి వచ్చేది తొమ్మిదేళ్లు బీరువాలో పడి ఉంటే పోతుందా? ఈ శ్లోకాల దగ్గర నేను చాలాసేపు ఏడ్చాను.

ఇక అభ్యాసం. కుడిచేతి మధ్యవేలి మీద మాల ఉంచి, బొటనవేలితో ఒక్కో పూసను మన వైపు లాగాలి. చూపుడువేలు తగలకూడదు. మేరుపూస, అంటే మాల ముడి దగ్గరి పూస, వచ్చాక దాన్ని దాటకుండా మాల తిప్పి వెనక్కి రావాలి. ఇంతవరకు మీకు తెలిసిందే. కొత్తది ఇదీ: జపం మధ్యలో మనసు ఎటో పోయిందని తెలిసిన క్షణాన వేలి కింద ఏ పూస ఉందో అక్కడే ఆగండి. మొదటి పూసకు వెళ్లకండి, ఎన్ని పూసలు వృథాగా పోయాయో లెక్కించకండి. బొటనవేలితో ఆ పూసను మెల్లగా నొక్కండి. రుద్రాక్ష అయితే గరుకుగా, గాడులు గాడులుగా తగులుతుంది. ఒక్కసారి నామం పైకి వినబడేలా అనండి, ఇది వాచికం. తర్వాత పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువుకు వచ్చి, పక్క పూసకు వెళ్లండి. మనసు పది సార్లు పోతే పది సార్లూ ఇంతే. మన్యంకొండ వెంకన్నను కొలుస్తూ తులసిమాలతో అష్టాక్షరి (‘ఓం నమో నారాయణాయ’) చేసేవారికీ పద్ధతి ఇదే, పూస నున్నగా ఉంటుంది కాబట్టి కొంచెం నిదానంగా లాగండి.

పూస దగ్గర ఎలా ఆగారో, రోజు తప్పినప్పుడూ అలాగే. తప్పిన మర్నాడు కూర్చుని, ఒక్క నమస్కారం పెట్టి, ఆనాటి పూసలే తిప్పి లేవండి. క్షమించమని పొడుగాటి ప్రార్థన వద్దు. క్యాలెండర్‌లో టిక్కులూ వద్దు. ఇంట్లో ఎవరైనా “మళ్లీ మొదలైందా” అన్నా జవాబు ఇవ్వకండి.

నల్గొండ దగ్గర ఉన్నవారు వీలైతే ఒక పొద్దున పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. పొద్దు తిరుగుతున్నా గర్భగుడిలో స్తంభపు నీడ పడినచోటే ఉంటుంది. దాన్ని చూస్తూ కాసేపు మాల లేకుండా ఊరికే కూర్చుని రండి.

ఈ వారం 11 పూసల నుంచి 27కు పెంచుదాం, అంటే 108లో నాలుగో వంతు. ఏడు రోజులు చేయండి. మధ్యలో ఒకటి రెండు తప్పినా నాలుగో పాఠానికి రండి. అందులో 54 పూసలకు వెళ్దాం, జపంలో నిద్ర ముంచుకొస్తే ఏం చేయాలో చూద్దాం.