ముత్తవ్వ ఫొటోకు రంగులు వేయించే ముందు

పాత ఫొటోలు బాగుచేయడం నా వృత్తి. 19వ శతాబ్దంలో స్టూడియోకు వెళ్లి దిగిన ముత్తవ్వల ఫొటోలు తెచ్చి, రంగులు వేసి ఇమ్మంటారు. దయచేసి ముందు ఫొటోను నిదానంగా చూడండి.

అంచులు పట్టుకుని వెనక్కి తిప్పితే చాలాసార్లు స్టూడియో పేరు, ఊరు అచ్చయి ఉంటాయి. అట్ట కొలవండి. సుమారు 4 అంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు ఉంటే అది కార్ట్ ద విజిట్ అనే చిన్న సైజు ఫొటో. 1854లో పారిస్‌లో డిస్‌దేరి అనే ఫొటోగ్రాఫర్ దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఆరున్నర పొడవు, నాలుగుంబావు వెడల్పు ఉంటే కేబినెట్ కార్డు అనే పెద్ద సైజు, 1860ల మధ్య నుంచి వచ్చింది. అట్టకు అతికించిన పల్చటి కాగితం పసుపు పట్టి ఉంటే అది బహుశా గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు. తడిగుడ్డ తగలనివ్వకండి.

అసలు జాగ్రత్త రంగుల దగ్గర కావాలి. ఆనాటి ప్లేట్లు, అంటే కెమెరాలో ఫిల్ముకు బదులు వాడిన పలకలు, నీలాన్ని ఇట్టే పట్టేవి, ఎరుపును దాదాపు పట్టేవి కావు. అందుకే కుంకుమబొట్టు నల్లచుక్కగా పడింది. ఎర్ర పట్టుచీర నల్లగా, లేత నీలం చీర తెల్లగా వస్తుంది. తెల్లచీర కనిపించగానే ఆమెను వితంతువని తేల్చేయకండి; భూతద్దం పెట్టి బొట్టు, గాజులు వెతకండి. పసుపు రాసుకున్న ముఖం కూడా ఉన్నదానికంటే నల్లగా పడుతుంది. ఫొటో చూసి ఆమె మేనిఛాయ నిర్ణయించడం అన్యాయం. బంగారమూ మసకబారేది, నగల మీద కుంచె గీతలు కనిపిస్తే తర్వాత మెరుపు దిద్దారన్నమాట.

పాదాల వెనక ఇనుప స్టాండు అడుగు కనిపిస్తుందేమో చూడండి. తల కదలకుండా ఆనించేది అదే. బిగుసుకున్న ముఖానికి కారణం ఆమె స్వభావం కాకపోవచ్చు.

రేకు మీద నేరుగా తీసిన చిత్రంలో కుడిఎడమలు తారుమారవుతాయి. పైట ఏ భుజం మీదో, ముక్కుపుడక ఏ వైపో చెప్పే ముందు తిప్పి చూసుకోండి.

హైదరాబాదు ఫొటో అయితే మరొకటి గుర్తుంచుకోండి. లాలా దీన్‌దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ 1892లో అక్కడ ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ నడిపారు. కాబట్టి కెమెరా వెనక ఉన్నది మగవాడేనని అనుకోనక్కర్లేదు.

ఇవన్నీ చూశాక రెండు వైపులా స్కాన్ చేయించి, రంగులు ఆ కాపీకే వేయించండి. దాని వెనక ‘రంగులు ఊహించి వేసినవి’ అని పెన్సిలుతో రాయండి.