మంచాన ఉన్న పెద్దల నోరు శుభ్రంగా ఉంచడం ఎలా?

మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి, ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేసి ఇంటికి పంపినప్పుడు, ట్యూబులో జావ ఎలా పోయాలో, రెండు గంటలకొకసారి ఎటు తిప్పి పడుకోబెట్టాలో, డైపర్ ఎలా మార్చాలో ఆసుపత్రివారు మాకు ఓపికగా నేర్పారు. నోటి సంగతి ఎవరూ చెప్పలేదు, మాకూ అడగాలని తోచలేదు. నోటితో ఏమీ తినడం లేదు కాబట్టి పళ్లు తోమే పని ఉండదనుకున్నాం. పదిహేను రోజుల తరువాత టార్చిలైటు వేసి చూస్తే, పాలగిన్నె అడుగున మాడి అంటుకున్న మీగడలా, ఆమె అంగిలికి గోధుమరంగు అట్ట కట్టి ఉంది. కఫమూ, లాలాజలమూ, నోటిలోంచి ఊడిన చర్మపు పొరలూ కలిసి ఎండి గట్టిపడితే అలా తయారవుతుంది. తడి గాజుగుడ్డతో కొంచెం కొంచెంగా నానబెట్టి, రక్తం రాకుండా దానిని తీయడానికి మూడు రోజులు పట్టింది.

ఆ అనుభవం నేర్పినది ఒకటే: నోటితో తిననివారి నోటినే ఎక్కువగా కడగాలి. మనం నమిలేటప్పుడు, మింగేటప్పుడు, మాట్లాడేటప్పుడు నాలుక తిరుగుతూ, లాలాజలం ఊరుతూ నోరు దానంతటదే కొంత శుభ్రపడుతుంది. ఆ కదలిక ఆగిపోయినవారి నోటిలో పాచి పేరుకొని, అందులో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మింగే శక్తి తగ్గినవారికి సొంత ఉమ్మే పొలమారి, క్రిములతో సహా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా రావచ్చు. మంచాన ఉన్నవారిని తిరిగి ఆసుపత్రికి చేర్చే కారణాల్లో ఇది ముఖ్యమైనది. కనుక ఒళ్లు తుడవడం ఎంత తప్పనిసరి పనో, రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయడమూ అంతే తప్పనిసరి.

ముందుగా కావలసినవి దగ్గర పెట్టుకోండి: చిన్నపిల్లల సైజు మెత్తని బ్రష్‌లు రెండు, ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు, గాజుగుడ్డ ముక్కలు, చేతి గ్లోవ్స్, తువ్వాలు, చిన్న గిన్నె, టార్చి. పేస్టు బఠాణీ గింజంత మించకూడదు, ఉమ్మలేనివారికి బియ్యపు గింజంత చాలు. నురుగు ఎక్కువైతే అదే గొంతులోకి జారుతుంది. ఇటుక పొడి, బొగ్గు, గరుకైన ఎర్ర పళ్లపొడులు పెద్దవాళ్లకు అలవాటై ఉండవచ్చు గాని, అవి పంటిని అరగదీస్తాయి. చిగురు దిగి వేరు బయటపడిన పంటికి ఆ అరుగుదల మరీ చేటు.

కూర్చోగలిగినవారిని కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి ఉంచండి. కూర్చోలేనివారికి మంచం తలవైపు ఎత్తి దిండ్లు పెట్టండి. అదీ వీలుకాకపోతే ఒక పక్కకు తిప్పి, చెంప కింద తువ్వాలు పరిచి, పెదవి మూల దగ్గర గిన్నె పెట్టండి. వెల్లకిలా పడుకున్న మనిషి నోటిలో ఎన్నడూ నీళ్లు పోయకండి. ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చిన వెంటనే ఈ పని పెట్టుకుంటే వాంతి కావచ్చు. ఆహారానికి ముందు గాని, గంట గడిచాక గాని చేయడం మేలు.

బ్రష్‌ను తడిపి, బాగా విదిలించి, చిగురూ పన్నూ కలిసే గీత దగ్గర ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్న సున్నాలు చుట్టినట్లు కదపండి. పాచి దాగేది ఆ గీత దగ్గరే. రెండో బ్రష్ పిడితో బుగ్గను మెల్లగా పక్కకు లాగి పట్టుకుంటే వెనక పళ్లు కనిపిస్తాయి. పక్షవాతం వచ్చినవారికి చచ్చుబడిన వైపు బుగ్గలో అన్నం మెతుకులు, మాత్రల ముక్కలు వాళ్లకే తెలియకుండా నిలిచిపోతుంటాయి కాబట్టి, ఆ వైపు తప్పక చూడండి. చిగుళ్లనుంచి కొద్దిగా రక్తం వస్తే భయపడి తోమడం ఆపేస్తారు చాలామంది. పాచి వల్ల వాచిన చిగురు నుంచే సాధారణంగా రక్తం వస్తుంది, మెత్తగా తోముతూ పోతే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, రక్తం ధారగా వచ్చినా డాక్టరును అడగాలి. చివరగా తడి గాజుగుడ్డతో నాలుకను, అంగిలిని, బుగ్గల లోపలి భాగాన్ని వెనకనుంచి ముందుకు తుడిచి, మిగిలిన నురుగు తీసేయండి. పళ్లు ఒక్కటీ లేని నోటికి కూడా ఈ తుడవడం అవసరమే.

మీ వేలిని వారి పళ్ల మధ్య పెట్టకండి. కావాలని కాకపోయినా, నోటిలోకి ఏదైనా రాగానే దవడ బిగుసుకునేవారుంటారు. బ్రష్‌ను కొరికి పట్టుకుంటే లాగకుండా, దవడ మీద మెల్లగా నిమురుతూ ఆగండి, దానంతటదే సడలుతుంది.

మతిమరుపు జబ్బు ఉన్నవారు నోరు తెరవకపోతే అది మొండితనం కాదు. ఎవరో ముఖం మీదికి ఏదో తెస్తున్నారన్న భయం. ఎదురుగా, వారి కళ్ల ఎత్తులో కూర్చొని, పిలిచే వరసతోనే పిలిచి, ముందు బ్రష్ వారి చేతికే ఇవ్వండి. చేతిమీద చెయ్యి వేసి మొదలుపెడితే, ఏళ్ల తరబడి చేసిన పని కాబట్టి చెయ్యి దానంతటదే కదులుతుంది. ఆ పూట కుదరకపోతే బలవంతం చేయకుండా గంట తరువాత మళ్లీ ప్రయత్నించండి. స్నానానికి ముందో, ఉదయం కాఫీ తరువాతో, ఏ వేళకు వారు స్థిమితంగా ఉంటారో చూసుకొని ఆ వేళకే స్థిరపరచండి.

నోరు ఎండిపోవడం చాలామంది పెద్దలను బాధించే విషయం. అలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు, కుంగుబాటు మందులు, రక్తపోటు మందుల్లో కొన్ని లాలాజలాన్ని తగ్గిస్తాయి. లాలాజలం తగ్గిన నోటిలో పిప్పిపళ్లు వేగంగా వస్తాయి. పాలలో నానబెట్టిన బిస్కెట్లు, తీపి టానిక్కులు దానికి తోడైతే చెప్పనక్కరలేదు. మింగగలిగినవారికి గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తరచుగా పట్టండి. మింగలేనివారికి గంట గంటకూ తడి గాజుగుడ్డతో పెదవులు, నాలుక తడపండి. నిమ్మరసం రాయడం మంచిది కాదు, ఆ పులుపు పంటిని కరిగిస్తుంది, నోటిని ఇంకా ఎండబెడుతుంది. నోటిలోని క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందునీరు దంతవైద్యులు చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువ రోజులు వాడితే పళ్లకు మచ్చలు పడతాయి, రుచి తెలియదు.

కట్టుడు పళ్లను రాత్రిపూట తప్పక తీయించి, మామూలు నీళ్లున్న గిన్నెలో ఉంచండి. రాత్రింబవళ్లు పెట్టుకొని ఉంటే సెట్టు కింద ఉన్న అంగిలి ఎర్రబడి, బూజు జాతి పూత వస్తుంది. సెట్టును మెత్తని బ్రష్‌తో, సబ్బునీటితో కడిగి బాగా జాడించాలి. పేస్టు దానిని గీకుతుంది, వేడినీళ్లు వంకర తిప్పుతాయి. కడిగేటప్పుడు కింద నీళ్లున్న బేసిన్ ఉంటే, చేయి జారినా సెట్టు పగలదు. మనిషి బాగా చిక్కినప్పుడు పాత సెట్టు వదులై ఒరుసుకొని పుండు పడుతుంది. ఇంట్లో అరగదీసి సరిచేయకుండా దంతవైద్యునికి చూపించండి.

వారానికొకసారి టార్చి వేసి నోరంతా పరీక్షగా చూడాలి. తుడిస్తే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపించే తెల్లని పూత, కదిలే పన్ను, చీము, దవడ వాపు, రెండు వారాలైనా మానని పుండు, ఎరుపు లేదా తెలుపు మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకండి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో అడ్డపొగ తాగిన అవ్వలు ఇంకా ఉన్నారు. నిప్పు నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చే ఆ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ రావచ్చు. అలవాటు మాని ఏళ్లయినా వారి అంగిలిని ప్రత్యేకంగా చూడండి. అలాగే నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీది గోధుమ మచ్చలు మురికి కాదు. అవి పోవాలని గట్టిగా రుద్దితే పన్ను అరగడం తప్ప ఫలితం లేదు.

నొప్పి అని నోరు విప్పి చెప్పలేనివారు వేరే విధంగా చెబుతారు: ఇష్టమైన పప్పన్నం వద్దంటారు, ఒక వైపే నములుతారు, చెంప పట్టుకుంటారు, ఉన్నట్టుండి కసురుకుంటారు. పంటి మీద మాత్ర పొడి పెట్టకండి, చిగురు కాలిపోతుంది.

దంతవైద్యుణ్ణి ఇంటికి పిలవడం ఇప్పుడు నగరాల్లో కొంత సాధ్యమే. డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతో పిప్పిని తీసి గ్లాస్ అయోనోమర్ సిమెంటు నింపవచ్చు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం పూసి పిప్పి ముదరకుండా ఆపవచ్చు. ఆ చోటు నల్లబడుతుందని ముందే తెలుసుకోండి. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. పల్లెల్లో ఉన్నవారు దగ్గరి డెంటల్ కాలేజీని, అక్కడి పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ విభాగాన్ని అడిగి చూడండి. వయోవృద్ధుల కోసం ఉన్న 14567 హెల్ప్‌లైన్‌ను కూడా సమాచారం కోసం అడగవచ్చు. వచ్చే డాక్టరుకు మందుల జాబితా మొత్తం చూపించండి, ముఖ్యంగా రక్తం పలుచబడే మాత్రలు, ఎముకల బలానికి ఇచ్చే మాత్రలు, ఇంజక్షన్ల సంగతి. రక్తం పలుచబడే మాత్రను పన్ను పీకించడానికని మీ అంతట మీరు ఆపకూడదు. ఎముకల మందు వాడినవారికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది కాబట్టి, అది తెలియకుండా పన్ను తీయకూడదు.

వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను చేర్చేటప్పుడు గది, భోజనం చూసినట్లే, పళ్లు ఎవరు తోముతారు, ఏ వేళకు, రాసుకునే పుస్తకం ఉందా అని అడగండి. కలిసి కడిగే చోట కట్టుడు పళ్లు మారిపోవడం తరచుగా జరుగుతుంది, అప్పుడు అవి ఎవరివో తేల్చడం కష్టం. సెట్టు చేయించేటప్పుడే లోపలివైపు పేరు వేయమని దంతవైద్యుణ్ణి కోరండి. ఇప్పటికే ఉన్న సెట్టు మీద కూడా వారు పేరు వేయగలరు. గిన్నె మీద మీరే పేరు రాయండి. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ, పళ్ల బ్రష్ తడిగా ఉందో, ఎన్నాళ్లుగానో ఎండిపోయి ఉందో ఒకసారి వేలితో తాకి చూడండి.