తాగుడు మానేస్తానన్న మనిషికి ఇంట్లోవాళ్లు ఎలా తోడుండాలి?

మా తమ్ముడితో మొదలుపెట్టి మా మేనబావ, సందు చివరి ఆటో అన్న, ఇంకో ఇద్దరు చుట్టాలు, ఇట్లా అయిదుగురిని దగ్గరుండి చూసినదాన్ని. అయిదిళ్లలోనూ ఒకటే తప్పు. మనిషి "రేపటి సంది ముట్టను" అనడం ఆలస్యం, అందరూ కళ్లనీళ్లు పెట్టుకుని, దేవుడి పటం ముందు ఒట్టు వేయించి, గదిలో ఉంచి బయట గడియ పెడతారు. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. ఎందుకో చెప్తా, ముందు తేలికైనవి గబగబా కానిద్దాం.

కావాల్సినవి: ఒక నోటుబుక్, ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు, రెండు జతల బట్టలు, రాత్రిళ్లు వంతులవారీగా మేలుకునే ఇద్దరు మనుషులు. ఇంట్లో సీసాలు పారబోయండి, కానీ ఆస్పత్రికి బయల్దేరే రోజే, వారం ముందు కాదు. బండి డిక్కీలో, నీళ్ల ట్యాంకు వెనక కూడా చూడండి. బెల్టు షాపులో ఖాతా ఉంటే లెక్క తేల్చి మూయించండి.

మాట్లాడటం: తాగి ఉన్నప్పుడు వద్దు. పొద్దున చాయ్ దగ్గర, ఒక్కరే. పెద్దమనుషుల పంచాయతీ పెడితే అవమానానికి ఆ సాయంత్రం ఇంకో క్వార్టర్ ఎక్కువ తాగుతాడు, అంతే.

ఇక అసలు కష్టమైనది మొదటి వారం. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేయకూడదు. మందు ఏళ్ల తరబడి మెదడును నెమ్మది చేస్తూ ఉంటుంది, మెదడు దానికి ఎదురు నెట్టడం అలవాటు చేసుకుంటుంది. హఠాత్తుగా మందు లేకపోతే ఆ నెట్టుడు మాత్రం మిగులుతుంది. చివరి గుక్క దిగిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేదుంటే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. మతి తప్పడం, లేనివి కనబడటం రెండో రోజు దాటాక. "ఒకరోజు గడిచింది, గట్టెక్కాం" అని అందరూ నిద్రపోయేది సరిగ్గా అప్పుడే.

మా తమ్ముడిని మేమూ గదిలోనే పెట్టాం. రెండో రోజు పొద్దున ఫిట్స్ వస్తే, తెలివిగలవాళ్లం కదా, చేతిలో తాళాల గుత్తి పెట్టాం. మూడో రాత్రి వాడు చద్దరు మీద చీమలు ఏరుతూ కూర్చున్నాడు. చద్దరు మీద ఒక్క చీమ లేదు. ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుని, "అక్కా, ఇవి బయట పారేయి, పిల్లలను కుడతయి" అన్నాడు. నేను ఆ ఖాళీ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి వెళ్లి దులిపి వచ్చాను, ఆ తర్వాతగానీ ఫోన్ చేయాలని తోచలేదు.

ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి చేయండి. తాళాలూ వద్దు, ఉల్లిగడ్డా వద్దు. అంతదాకా రానివ్వకుండా, ఇంకా తాగుతున్నప్పుడే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. వరంగల్‌లో అయితే ఎంజీఎం ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. ఎటు పోవాలో తెలియకపోతే 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మత్తు సంగతులకు 14446 ఉంది. రెండూ ఉచితమే.

నోటుబుక్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఏం తాగుతాడు, రోజుకెంత, చివరిసారి ఎన్ని గంటలకు, ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇవన్నీ రాసి డాక్టర్‌కు చూపించండి. కల్లు తాగుతాడా అన్నది తప్పకుండా రాయండి. మన దిక్కు "కల్లే కదా, చెట్టుది" అంటారు. చెట్టు కల్లు వేరు, కంపౌండ్ కల్లు వేరు. దాంట్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మినవాళ్లు పట్టుబడుతూనే ఉన్నారు. ఆ మనిషికి కల్లుతోపాటు నిద్రమాత్రలు కూడా ఆగిపోయినట్టు లెక్క, గొడవ ఇంకా ఆలస్యంగా, వారం దాకా కూడా మొదలవ్వచ్చు. 2020 లాక్‌డౌన్‌లో కల్లూ మందూ ఒక్కసారిగా దొరకక ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు ఎంత జనం నిండారో గుర్తుందిగా.

ఇంకోటి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్ఎంపీతో గ్లూకోజ్ బాటిల్ పెట్టించకండి. ఏళ్లుగా తాగి, సరిగా తినని ఒంట్లో బి1 విటమిన్ తక్కువుంటుంది. అది ఇవ్వకుండా ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఎక్కడికెళ్లినా "రోజూ తాగే మనిషండీ" అన్నది నోట్లోంచి రావాల్సిన మొదటి మాట. పరువు తర్వాత చూసుకోవచ్చు.

డాక్టర్ ఇచ్చే మాత్రలు రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ వాడేవి. అవి మీ దగ్గరే పెట్టుకుని, చెప్పిన పూటకు చేతిలో పెట్టండి. తగ్గిందని మధ్యలో ఆపొద్దు, పాత చీటీతో మెడికల్ షాపులో మళ్లీ తెచ్చి సాగదీయొద్దు.

"పలానా ఊళ్లో పసరు పోస్తరు, ఒక్క పూటలో మానేస్తడు" అని నాకు కనీసం పదిమంది చెప్పారు. పోసుకున్న ఇద్దరిని నేనే చూశాను, ఇద్దరూ తాగుతున్నారు. కూరలో కలిపే పొడి ఇంకా ఘోరం. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది ఒంట్లో ఉండగా తాగితే గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూపులో వేసుకునే మనిషికి అది ఆసరా. తెలియకుండా సాంబారులో కలిపితే ప్రాణం తీయగలదు. అయ్యప్ప మాల సంగతి వేరు, నాకు భక్తి లేక కాదు, 41 రోజులు బంగారంలా ఉంటారు. కానీ రోజూ తాగే మనిషి డాక్టర్‌కు చూపించకుండా మాల వేసుకున్నా ఒంటికి అదే హఠాత్తు. మాల తీసిన సాయంత్రానికి కూడా ముందే ఒక ఏర్పాటు చేసిపెట్టండి.

ఇంటికొచ్చాక పెద్దగా ఏం లేదు. సాయంత్రం ఆరింటికల్లా అన్నం పెట్టాలి, ఏడింటికి కాదు, ఆరింటికే. ఆకలి మీద ఉన్నవాడికే వైన్స్ బోర్డు కనబడుతుంది. తిన్నాక భద్రకాళి చెరువు బండ్ మీద ఒక చక్కరు. జీతం కొన్నాళ్లు భార్య చేతికి. అప్పులు మీరు తీర్చకండి, డ్యూటీకి పోకపోతే "జ్వరం సార్" అని మీరు ఫోన్ చేయకండి. దసరాకో, ఎవరి దినాలకో పోతే తినేసి పిల్లలతో పాటే తిరిగొచ్చేయాలి. మేడారం మొదటిసారి మానేసినా అమ్మలు ఏమీ అనుకోరు. చెయ్యి చేసుకునే మనిషైతే ఇవన్నీ పక్కనపెట్టి ముందు పిల్లలతో పుట్టింటికి వెళ్లండి, 181కి చేయండి.

మళ్లీ తాగుతాడు. చాలామంది ఒకటి రెండుసార్లు జారుతారు, మా వాడు రెండుసార్లు. ఆ రాత్రి ఏమీ అనకండి, పొద్దున అదే డాక్టర్ దగ్గరికి. నాలుగైదు రోజులు వరసగా తాగి ఉంటే మళ్లీ ఇంట్లో ఆపించే సాహసం చేయొద్దు. నోటుబుక్‌లో తేదీ, టైము వేసి, బట్టల సంచి సర్ది బయల్దేరండి.