వాన మొదలవకముందే బండి మీద ఫోన్‌కి చోటు చూసుకోండి

పోయిన ఆషాఢంలో శ్రీశైలం వెళ్తుంటే కడ్తాల్ దాటాక జల్లు అందుకుంది. ఫోన్ కుడి అద్దం రాడ్డుకి బిగించి ఉంది. నీళ్లు నిండిన గుంత కనపడలేదు, బండి ఎగిరిపడింది. ఆ కుదుపుకి అద్దం, దాంతోపాటు ఫోన్, రెండూ కిందికి వాలిపోయాయి. వెనకాల లారీ ఉందో లేదో తెలీదు, ముందు మలుపెక్కడో తెలీదు. సర్దుదామంటే కుడి చెయ్యి తీస్తే రేసు (యాక్సిలరేటర్) పోతుంది, ఎడం చెయ్యి అంత దూరం అందదు. ఇంతలో స్క్రీన్ మీద పడ్డ చినుకుల్ని నా వేళ్లే అనుకుని ఫోన్ తనంతట తనే మ్యాప్ మూసేసి మా మామకి కాల్ కలిపింది. హెల్మెట్‌లో ఆయన గొంతు: "ఏం అల్లుడూ, ఈ వానల ఎటు వోతున్నవ్?"

దెబ్బలేం తగల్లేదు. తప్పు మాత్రం పూర్తిగా నాదే. హోల్డర్ కొన్న రోజు ధర చూశాను, పట్టు చూశాను. ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించలేదు. షాపులో కుర్రాడు తనకి సులువుగా ఉన్నచోట రెండు నిమిషాల్లో బిగించేశాడు, నేను డబ్బులిచ్చి వచ్చేశాను.

ఈసారి వానలకి ముందే బండిని ఇంటి ముందు సెంటర్ స్టాండ్ వేసి, మొదట కంటితో మొదలుపెట్టాను. మీరూ అలాగే చేయండి. హెల్మెట్ పెట్టుకోండి, రెయిన్‌కోటు కూడా వేసుకోండి. రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, వీధి చివర కరెంటు స్తంభాన్ని చూడండి. ఇప్పుడు గడ్డం దించకుండా కళ్లు మాత్రమే కిందికి వాల్చండి. అప్పుడు కనిపించే చోటే ఫోన్‌కి చోటు. చూడ్డానికి తల వంచాల్సి వస్తే ఆ చోటు పనికిరాదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు కిందికి చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. వానాకాలంలో మన రోడ్ల మీద 33 మీటర్లలో ఎన్ని గుంతలుంటాయో నేను చెప్పక్కర్లేదు.

ట్యాంకు మీద అయస్కాంతంతో అతుక్కునే బ్యాగు, దాని పైన ప్లాస్టిక్ జేబులో ఫోన్ పెట్టుకునేవాళ్లని చూస్తుంటాను. ఈ పరీక్షలో అది మొదటే తప్పిపోతుంది. మ్యాప్ కనపడాలంటే గడ్డం ఛాతీకి ఆనాలి. పైగా ఆ అయస్కాంతాలు దగ్గరుంటే ఫోన్‌లోని దిక్సూచి తికమక పడుతుంది. హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఫోన్ ఇరికించుకుని దారి వినేవాళ్ల గురించి ఇక్కడ రాయను. వాళ్లకి వాళ్ల ఇంట్లోవాళ్లే చెప్పాలి.

కంటి తర్వాత చెయ్యి. కుడి చేతికి రేసు, ముందు బ్రేకు ఉన్నాయి, దానికి తీరిక లేదు. ఎప్పుడైనా స్క్రీన్ తాకాల్సి వస్తే అది ఎడం చేత్తోనే, అదీ బండి ఆగినప్పుడే. కాబట్టి హ్యాండిల్ మధ్యలో, లేదా మధ్య నుంచి కాస్త ఎడమకి పెట్టుకోవడం మేలు. కుడివైపు పెడితే ఏదో ఒక రోజు చెయ్యి రేసు వదిలి అటు వెళ్తుంది.

అద్దం రాడ్డు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర సగం బళ్లకి హోల్డర్ అక్కడే ఉంటుంది. బిగించడం తేలిక, ఎత్తు కూడా బాగుంటుంది, అందుకే. కానీ ఆ రాడ్డు ఒక చివరే పట్టు ఉన్న పొడుగాటి ఊచ. ఇంజిన్ వణుకు కిందనున్న బోల్టు దగ్గర కొంచెమే ఉన్నా, పైకి వెళ్లేకొద్దీ ఊపు పెరుగుతుంది. దాని మీద పావుకిలో బరువు వేలాడదీస్తే అద్దం నట్టు మెల్లగా వదులవుతుంది. అద్దంలో వెనక బండి కాస్తా మసక మరకలా కనిపిస్తుంది. తప్పదనుకుంటే హోల్డర్‌ని రాడ్డు మొదట్లో, నట్టుకి ఆనుకుని ఉండేలా బిగించండి, హోల్డర్ కాడ పొట్టిగా ఉన్నదే కొనండి. నట్టు తిప్పేటప్పుడు ఒక సంగతి: కొన్ని బళ్లకి కుడి అద్దం మర ఎదురు దిక్కున తిరుగుతుంది. బిగుసుకుపోయిందనుకుని బలం పెడితే మర అరిగిపోతుంది.

స్కూటర్లకి వేరే దారి లేదు. హ్యాండిల్ అంతా ప్లాస్టిక్ తొడుగే, పట్టుకోవడానికి గొట్టం బయటికి కనపడదు. డెలివరీ చేసే కుర్రాళ్లకి స్క్రీన్ కనపడితే కానీ పని జరగదు, వాళ్లు ఎడం అద్దం మొదట్లో పెట్టుకోవాల్సిందే. ఆఫీసుకి వెళ్లొచ్చే స్కూటరువాళ్లకి నా సలహా, ఫోన్ జేబులో వేసుకుని మాట మాత్రం వినమని. రోజూ వెళ్లే దారికి బొమ్మ ఎందుకు?

మోటార్‌సైకిల్ అయితే హ్యాండిల్ గొట్టమే మంచి చోటు. చాలా బళ్లకి ఆ గొట్టం మందం 22 మిల్లీమీటర్లు. కొన్నిటికి మధ్యలో 28 దాకా లావుగా ఉండి చివర్లకి సన్నబడుతుంది. కొనేముందు ఒక నూలు దారం చుట్టి కొలిచి, వచ్చిన కొలతని 3.14తో భాగించండి. క్లాంపు కింద పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక చుట్టు వేసి బిగిస్తే జారదు, రంగూ గీసుకుపోదు. స్పోర్ట్స్ బళ్లకి స్టీరింగ్ మధ్యలో ఉండే రంధ్రంలో దిగే హోల్డర్లు దొరుకుతాయి. అది గట్టి చోటే, కానీ పైకి పొడుచుకొచ్చే పొడుగు ఇనప కాడ ఉన్నది వద్దు. బండి దేనికైనా గుద్దుకుంటే మనం జారేది ట్యాంకు మీదుగా అటే, ముందు తగిలేది పొట్టకే.

బిగించాక ఎక్కువమంది చెయ్యని పని ఒకటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, తర్వాత పూర్తిగా కుడికి తిప్పండి. చెవి ఇంజిన్ మీదే ఉండాలి. తిప్పుతుంటే రేసు దానంతట అదే పెరిగిందంటే హోల్డరో, ఛార్జింగ్ వైరో రేసు కేబుల్‌ని లాగుతోందన్నమాట. ఇది సందులో యూటర్న్ తీసుకునేటప్పుడు బయటపడితే ఎదురుగా ఉన్న గోడే ఆపాలి. బ్రేకు పైపు నలగడం లేదు కదా, ఫోన్ మూల ట్యాంకుకి తగలడం లేదు కదా అనీ చూడండి. తాళంచెవి పెట్టే చోటు, స్పీడు మీటరు, ఇండికేటర్ దీపం, ఇంజిన్ వార్నింగ్ దీపం ఫోన్ వెనక దాక్కోకూడదు. నా పాత హోల్డర్ ఇండికేటర్ దీపాన్ని కప్పేసింది. ఆరు నెలలు ఇండికేటర్ ఆపకుండా తిరిగి, వెనకున్నవాళ్ల తిట్లు తిన్నాను.

ఇక వణుకు. ఖరీదైన ఫోన్ల కెమెరాలో లెన్సు గట్టిగా అతికించి ఉండదు. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా అయస్కాంతాల సాయంతో లెన్సు కొద్దికొద్దిగా కదులుతూ సర్దుకుంటుంది. పెద్ద ఇంజిన్ వణుకు గంటలకొద్దీ తగిలితే ఆ ఏర్పాటే పాడవుతుంది. ఈ మాట ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబరులో తనంతట తానే చెప్పింది. శక్తిమంతమైన మోటార్‌సైకిళ్లకి ఐఫోన్‌ని నేరుగా బిగించొద్దని, చిన్న బళ్లకైనా వణుకు తగ్గించే హోల్డర్ వాడమని. మన 350 సీసీ సింగిల్ సిలిండర్ బళ్ల మీద తిరిగేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రబ్బరు బుష్‌లతో వచ్చే, వణుకు తగ్గించే డ్యాంపర్ ముక్క కొనుక్కోండి. దానికన్నా నాకు నచ్చిన ఉపాయం ఇంట్లో మూల పడున్న పాత ఫోన్ తీసి బండికి కేటాయించడం. కొత్త ఫోన్ జేబులో, దాని హాట్‌స్పాట్ పాత ఫోన్‌కి. వానా, గుంతా, దొంగా దేనికీ గుండె ఝల్లుమనదు. తరచూ దూరాలు తిరిగేవాళ్లకి గార్మిన్ జుమో లాంటి విడి జీపీఎస్‌లూ ఉన్నాయి. అవి వానకి తట్టుకుంటాయి, గ్లవ్స్ వేసుకున్నా స్క్రీన్ పలుకుతుంది, ధర మాత్రం బాగానే ఉంటుంది.

ప్లాస్టిక్ పర్సు లాంటి వాటర్‌ప్రూఫ్ కవర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వాన ఆగి ఎండ కొట్టగానే లోపల ఆవిరి పట్టి మ్యాప్ మసకబారుతుంది. పైగా గాలి తగలక ఫోన్ వేడెక్కుతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని కంపెనీ చెప్తుంది. మన ఎండాకాలం ఆ లెక్క ఎప్పుడో దాటేసింది. ఫోన్ వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా, తడిసిన ఛార్జింగ్ రంధ్రంలో పిన్ను గుచ్చకండి. బండి నుంచి ఛార్జింగ్ కావాలంటే బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించి, తాళంచెవి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చేలా మెకానిక్‌తో కలిపించండి. వైరు సాకెట్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగి రావాలి. వైరు మీద జారిన నీళ్లు ఆ వంపులో రాలిపోతాయి, సాకెట్‌లోకి పోవు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో: 2020 అక్టోబరు 1 నుంచి అమలైన కేంద్ర నిబంధన ప్రకారం నడిపేటప్పుడు ఫోన్ దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ నడిపేవాడి ఏకాగ్రత చెడకుండా. వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపేయండి, మ్యాప్ మీదికి మీ బావమరిది గుడ్ మార్నింగ్ పువ్వు వచ్చి కూర్చోకుండా.

బయల్దేరేముందు ఇంట్లో వైఫై మీదే ఆ దారి మ్యాప్ దింపుకోండి. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక సిగ్నల్ ఉండని చోట్లు చాలా వస్తాయి. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి మీరెక్కడున్నారో ఫోన్‌కి తెలుస్తూనే ఉంటుంది, చుట్టూ చూపించడానికి బొమ్మే ఉండదు. రాత్రి 9 దాటితే ఆ చెక్‌పోస్టు దగ్గర ఎలాగూ ఆపేస్తారు, మళ్లీ వదిలేది పొద్దున 6కి. మ్యాప్ చెప్పే రాక సమయాన్ని నమ్మి సాయంత్రం బయల్దేరొద్దు. ఇంకొకటి, మ్యాప్‌కి వాగు పొంగిందని తెలియకపోవచ్చు. దగ్గరి దారని వాగు మీదున్న లోలెవెల్ కాజ్‌వే (ఎత్తు తక్కువ వంతెన) మీదికి తీసుకెళ్తే, నీళ్లు పారుతున్నది చూసి వెనక్కి తిరగాల్సింది మనమే.

అన్నీ బిగించాక మా ఆవిడ గోళ్లరంగు తీసుకుని బోల్టు తల మీంచి క్లాంపు మీదికి ఒక సన్నటి గీత గీశాను. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది, అలెన్ కీ తీసి చూడక్కర్లేదు. మొదటిరోజు పది కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే అప్పుడే గీత వెంట్రుక వాసి విరిగి ఉంది. ట్యూబు ముక్క కొత్తగా సర్దుకున్నప్పుడు అలా అవుతుంది. మళ్లీ బిగించి, కొత్త గీత గీశాను. ఎర్ర రంగు అయితే వానలో కూడా బాగా కనిపిస్తుంది.