ఎండల్లో వీధి గోడకు బొమ్మలు వేసే ముందు

వేసవి సెలవులు ఇవ్వగానే విజయవాడ కాలనీల్లో గోడలకు బొమ్మలు వేద్దామని కుర్రాళ్లు ముందుకొస్తారు. పిల్లలు ఇళ్ల దగ్గరే ఉంటారు, వాన అడ్డు రాదు. మంచి పనే. కాకపోతే ఎండకంటే ముందు బొమ్మ విషయంలో జాగ్రత్త పడాలి.

ఆర్టిస్టు బొమ్మ గీసుకొచ్చి, వీధివాళ్ల చేతికి బ్రష్‌లిచ్చి రంగు నింపమంటే అది కూలిపనే అవుతుంది. సింగ్ నగర్ వైపే చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తిన వీధులవి. బయటినుంచి వెళ్లినవాళ్లకు ముందుగా తోచేది, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గీత గీయడం. ‘గీయండి, మా పిల్లలకు తెలియాలి’ అనేవాళ్లు ఉంటారు. ‘పొద్దున్నే తలుపు తీసి దాన్నే చూడమంటారా’ అనేవాళ్లూ అదే వీధిలో ఉంటారు. రెండో మాట మీటింగులో వినపడదు. సాయంత్రం టీకొట్టు దగ్గర మాట్లాడేది మగవాళ్లే కాబట్టి, మధ్యాహ్నం ఆడవాళ్లు పని తెముల్చుకున్నాక గడప దగ్గరికే వెళ్లి అడగండి. అరుగు మీద ఖాకీ కాగితం పరిచి, బొగ్గుముక్క ఇచ్చి ఊరుకోండి. ముసలమ్మ గీసిన వంకరటింకర పొయ్యి గోడ మీదికి వస్తే ఆ గోడ ఆ వీధిది అవుతుంది. మొహాలు వేయాలన్నా, ఫొటోలు పెట్టాలన్నా వాళ్లను అడిగాకే.

రంగుల ఎంపికలో ఏమరుపాటు పనికిరాదు. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేశారని 2020లో కోర్టుల దాకా వెళ్లిన రాష్ట్రం మనది. ఏ రంగు పక్కన ఏ రంగు పడితే ఏ జెండా గుర్తొస్తుందో ముందే చూసుకోండి. మూత్రం పోయకుండా దేవుడి బొమ్మ వేయమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దనే నా సలహా. రేపు ఆ గోడ పాడైతే గొడవ వీధివాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

గోడ ఎవరిదో తేల్చుకుని అనుమతి కాగితం మీదే తీసుకోండి. కార్పొరేషన్‌దా, ఇరిగేషన్‌దా, సొంత ఇంటివాళ్లదా అన్నది వార్డు సచివాలయంలో వాకబు చేయండి. ఎన్నికల కోడ్ ఉంటే ఆగిపోవడమే మేలు.

వరద నీళ్లు నానిన గోడల్లో చెమ్మ, ఉప్పు మిగిలిపోతాయి. పైకి పొడిగా కనిపిస్తుంది, చెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. జానెడు ప్లాస్టిక్ కవరును గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి మర్నాడు చూడండి. లోపల నీటి బొట్లుంటే ఆ గోడ ఇంకా ఆరలేదన్నమాట. దానిమీద ఎంత ఖరీదైన పెయింటు వేసినా వానలకు పొక్కులు లేస్తుంది. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, పూర్తిగా ఆరాక అడుగుపూతగా ప్రైమర్, ఆపైన బయటి గోడల ఎమల్షన్ వేయాలి. డిస్టెంపర్ వానకు ఆగదు.

పాత ఆయిల్ పెయింటును పిల్లలతో గీకించవద్దు. అందులో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము వాళ్ల మెదడుకు చేటు. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. కొత్త డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చదివి కొనండి.

రోహిణి కార్తెలో ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే పని. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న గోడ మీద రంగు పట్టకముందే ఆరిపోతుంది, తర్వాత పెచ్చులూడుతుంది. మజ్జిగ, ఓఆర్‌ఎస్ గోడ దగ్గరే ఉంచండి. ఎవరికైనా మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయండి. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

పరంజా ఎక్కేది పెద్దవాళ్లే, పిల్లలకు నడుమెత్తు వరకే గోడ. పైన కరెంటు తీగ ఉంటే ఇనుప నిచ్చెన వాడవద్దు, ఆ వైపు బొమ్మ మానేయండి. బ్రష్‌లు ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో కడగకుండా బకెట్‌లో కడిగి, మడ్డి పేరుకున్నాక ఎండబెట్టి చెత్తబండికి ఇవ్వండి.

మిగిలిన రంగుల డబ్బాలు మీరు పట్టుకుపోవద్దు. మూతలు గట్టిగా బిగించి, పైన రంగు పేరు, నంబరు రాసి వీధిలోనే ఒకరింట్లో పెట్టండి. తొలకరి తర్వాత పెచ్చులూడిన చోట వాళ్లే సరిచేసుకుంటారు.